సెల్లుకు భయపడిన మనిషి

పోయిన వారం నంద్యాలలో మా ఫోన్ల రిపేరు అంగడికి ఒకాయన టార్చిలైటు తెచ్చినాడు. "వెలగడంల్యా, చూడుమ్మా" అని కౌంటరు మీద పెట్టి, తన పాటికి తాను ఫోన్లో మాట్లాడుకుంటా నిలబడినాడు. నేను మూత తిప్పి లోపలి బ్యాటరీ సెల్లు బయటికి తీసినా. దాని మీదుండే ప్లాస్టిక్ తొడుగు ఒకపక్క చినిగి, లోపలి రేకు మెరుస్తాంది. ఎక్కడలేని కోపం వచ్చింది నాకు. "ఏమప్పా, చొక్కా చినిగితే బజార్లోకి పోతావా నువ్వు? పోవు గదా? దీనికి చొక్కా చినిగితే మాత్రం జేబులో పెట్టుకోని తిరుగుతాండావే!" అని అరిచినా. ఆయన ఫోను చెవికాడే పెట్టుకోని, నేను పిచ్చిదాన్నేమో అన్నట్టు చూసినాడు.

అరిచినాక నాకే తెలిసొచ్చింది, ఆ మాట నాది కాదు. మా బావది. సెల్లుకు చొక్కా అని పేరు పెట్టిందే ఆయన. ఆయన పోయి ఏడాది దాటింది, ఆయన తిట్లు మాత్రం నా నోట్లో ఉన్నాయి. ఆ టార్చికి కొత్త సెల్లు వేసి ఆ మనిషిని పంపించి, ఆ పూటకు అంగడి మూసేసినా. ఇంకొకరి ఫోను విప్పేదానికి చేతులు రాలేదు.

మా బావంటే మా అక్క మొగుడు. ఆళ్లగడ్డలో శిల్పి. రోడ్డుపక్కన రేకుల షెడ్డు, ముందర సగం చెక్కిన రాళ్లు, వెనకాల ఇల్లు. నందులు, ఆంజనేయస్వాములు, అమ్మవార్లు చెక్కేవాడు. ఎలక్షన్లు దగ్గరికొస్తే చెయ్యెత్తి నిలబడిన నాయకులను కూడా చెక్కేవాడు. వాళ్లను చెక్కేటప్పుడు మాత్రం మొగం ముడుచుకోని కూర్చునేవాడు. "దేవుడికైతే మొగం మనం ఇయ్యొచ్చు మ్మే. వీళ్లు ఫోటో తెచ్చి ఇట్లనే ఉండాలంటారు, ఆ మొగంలో ఏముందని ఉండాల?" అని గొణిగేవాడు.

మనిషి పొట్టి. గొంతు పెద్దది. రాయికాడ గొంతుక్కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. తల, కనుబొమ్మలు, మీసం, అన్నిటి మీదా తెల్లటి పొడి. ఆయన మీసం నల్లదో నెరిసిందో పండగనాడు తలకు పోసుకుంటేనే మాకు తెలిసేది. టీ ఇస్తే ముందు చేతులు కడుక్కోని, మూతి మాత్రం కడుక్కోకుండా తాగేవాడు. గ్లాసు అంచుకు తెల్లటి గీత మిగిలేది. "బావా, టీలో పాలు తక్కువైనాయని పొడి కలుపుకుంటాండావా?" అని నేనంటే, "మీ అక్క పాలు పోసిందా అసలు?" అని అక్కను ఎగదోసేవాడు. అక్క లోపల్నుంచే రెండు మాటలు అందుకునేది.

వాళ్లకు పిల్లలు లేరు. అందుకని అక్క కూడా ఇంట్లో ఒక్కతే కూర్చునేది కాదు, పొద్దునించీ ఆ షెడ్డులోనే. ఉలి టంగుటంగు మంటాంటే ఒకపక్కన కూర్చోని బియ్యం ఏరేది, కూరగాయలు తరిగేది, ఆయనకు అన్నం అక్కడ్నే వడ్డించేది. తనూ అక్కడే తినేది. నేను నంద్యాల నుంచి బస్సెక్కి పోయి దిగితే, ఇద్దరూ తెల్లగా కనపడేవాళ్లు. పెండ్లి ఫోటో కంటే ఆ పొడిలోనే జోడు బాగుందని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా నాలుక కోసుకోవాలనిపిస్తాది.

ఇంక బీడీ. చెవి మీద ఒకటి, నోట్లో ఒకటి, కట్ట బొడ్లో. నాకు తెలిసినప్పటినుంచి దగ్గేవాడు. మొదట్లో తెల్లవారుజామున ఒక దఫా దగ్గి ఊరుకునేవాడు. తర్వాత తర్వాత నడుస్తా నిలబడి దగ్గడం, మెట్టెక్కి కూర్చోని దగ్గడం మొదలైంది. అక్క బలవంతం మీద నంద్యాలలో ఒక డాక్టరుకాడికి తీసుకుపోయినా. ఆ డాక్టరు తలెత్తకుండానే "బీడీ తాగుతావా?" అన్నాడు. "తాగుతా సార్" అన్నాడు బావ. "మానెయ్. మానకపోతే ఊపిరి మిగలదు" అన్నాడు డాక్టరు. అంతే, బయటికొచ్చేసినాం. బస్టాండు దాకా అక్క ఒకటే ఏడుపు. "ఈ మనిషి దగ్గు ఆగితే చాలు దేవుడా, నాకింకేమీ వద్దు" అని. బావ ఆమెను ఓదార్చేదానికి కూడా ఒక బీడీ ముట్టించుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒకరోజు మా అంగడికి వచ్చినాడు, కండ్లు మెరిపించుకుంటా. జేబులోంచి జానెడు లేని ఒక ఇత్తడి గొట్టం తీసి కౌంటరు మీద నిలబెట్టినాడు. బెంగళూరు నుంచి విగ్రహం చేయించుకునేదానికి వచ్చిన సేటు ఒకాయన, ఈయన దగ్గు చూడలేక, తన పాతది ఇచ్చిపోయినాడంట. ఎలక్ట్రానిక్ సిగరెట్టు. అప్పటికి అవి ఇంకా అమ్మేవాళ్లు. గొట్టం లోపల ఒక సెల్లు. పైన చిన్న గిన్నెలో సన్నటి తీగతో చుట్టిన కాయిలు. కాయిలులో దూది. దూది మీద ఏదో తియ్యటి వాసనొచ్చే లిక్విడ్డు. కింద బొత్తాము నొక్కితే తీగ కాలి పొగ మాదిరి వస్తాది.

"పొగ మానమంటే పొగకు మిషను తెచ్చుకున్నావే బావా!" అన్నా.

"బీడీ మానేస్తాండా మ్మే. నిజంగా. ఇది సూడు, ఎంత ముద్దుగుందో. నా పిల్లనగ్రోవి."

విప్పి చూసినా. ఫోన్లో గానీ, ఇంకే వస్తువులో గానీ, తప్పు జరిగితే కరెంటు కట్ చేసేదానికి ఒక చిన్న సర్క్యూట్ ఉంటాది. దీంట్లో ఏమీ లేదు. సెల్లు, బొత్తాము, తీగ. అంతే. "బావా, దీంట్లో ఆపేవాడెవుడూ లేడు. తీగ తప్పు చుట్టినావనుకో, సెల్లు తన దగ్గరుండే కరెంటంతా ఒక్కసారి కుమ్మరిస్తాది. వేడెక్కుతాది, పొగ కక్కుతాది, పేలినా పేలుతాది. నీ మూతికాడ పెట్టుకునే వస్తువిది" అన్నా.

ఇంకొకరైతే నవ్వి పోయేవాళ్లు. మా బావ స్టూలు లాక్కోని కూర్చున్నాడు. "అట్లయితే ఎట్ల సుట్టాలో చెప్పు" అన్నాడు.

అది మంచి వస్తువని నేను ఆ పొద్దూ అనలేదు, ఈ పొద్దూ అనను. బీడీ పోయి ఇంకో దయ్యం వచ్చిందనే అనుకున్నా. కానీ బీడీ కట్ట నిజంగానే బొడ్లోంచి పోయింది. అక్క నాకు ఫోన్ చేసి, "వాడుకోనీ పాపా, నువ్వేం అడ్డం చెప్పొద్దు, ఈ రెండు దినాలు దగ్గు తక్కువగా ఉంది" అనింది. అక్క మాట కాదని ఏం చేసేది? సరే, వాడుకుంటే చేతులు కాల్చుకోకుండా వాడుకోమని, నాకు తెలిసిందంతా చెప్పినా.

రాయి చెక్కే చేతికి తీగ చుట్టడం ఒక పనా! సన్న ఉలి కాడకు తీగ ఆనించి, చుట్టు పక్కన చుట్టు పెట్టి, నేను చూస్తాండంగానే చుట్టేసినాడు. ఉలి కాడ లాగేస్తే స్ప్రింగు మాదిరి నిలబడింది. ఒక చుట్టు ఇంకో చుట్టు మీదికి ఎక్కలేదు. తర్వాత తీగ కరెంటును ఎంత అడ్డుకుంటాదో మీటరు పెట్టి చూపించినా. ఈ అంకె అరకు తక్కువ పడితే ఆ కాయిలు వద్దు, ఊడదీసెయ్యి, తక్కువయ్యేకొద్దీ సెల్లు మీద భారం పెరుగుతాది అని చెప్పినా. బొత్తాము ఒకేసారి నొక్కి పట్టుకోకూడదు, తట్టి వదలాల. కాయిలు నడిమధ్యలోంచి ఎర్రబడి అంచులకు పోవాల. ఒక మూలే ఎర్రబడితే, చల్లారినాక చిన్న పట్టకారుతో సర్దాల. దూది కుక్కకూడదు, వదులుగా వేలాడనూ కూడదు. గొట్టం అడుగున గాలి పోయే బొక్కలు మూసుకుపోకూడదు. జేబులో పెట్టుకునేముందు బొత్తాము తాళం తిప్పాల. అన్నీ వినినాడు. ఒక్కటీ మళ్లీ అడగలేదు.

అడగలేదు గానీ, ఆ రోజునుంచి నన్ను చంపినాడు. మా అంగట్లోకి వచ్చీ రాగానే సొరుగు లాగేవాడు. ఒకసారి అందులో పాత సెల్లులు, చిల్లర, స్క్రూలు అన్నీ కలిసి ఉన్నాయి. బజారంతా వినపడేట్టు అరిచినాడు. "ఏమ్మే, నాకు చెప్పిందేంది, నువ్వు చేస్తాండేదేంది? రూపాయి బిళ్ల పోయి రెండు కొసలకు తగిలితే ఏం గావాల? అంగడి ఉంటాదా, నువ్వుంటావా? మీ అక్కకు నేను ఏం చెప్పాల?" గిరాకీల ముందర నా పరువు తీసినాడు. ఆయన సెల్లులు మాత్రం ఒక ఎర్ర సబ్బుడబ్బాలో ఉండేవి, ఒక్కోటి ఒక్కో గుడ్డముక్కలో చుట్టి. ఛార్జింగు పెడితే నున్నటి రాతిపలక మీద పెట్టి, పూర్తయ్యేదాకా ఎదురుగా కూర్చునేవాడు. అన్నం తినేదానికి పోవాల్సొస్తే తీసేసి పోయేవాడు. పెళ్లిళ్లలో కూడా ఎవరి జేబులోనన్నా గొట్టం ఉబ్బి కనపడితే, పెండ్లికొడుకును వదిలేసి వాళ్ల వెంట పడేవాడు.

ఇంకొకటి. నేనొకసారి, "పక్కన ఇసుక పెట్టుకో బావా, ఏదన్నా సెల్లు మండితే నీళ్లు చిలకరిస్తా కూర్చోకుండా ఇసుకలో వేసి దూరంగా రా" అన్నా. "మా షెడ్డులో ఇసుకెందుకు మ్మే, పొడికి కరువా?" అన్నాడు. రాళ్ల కింద పేరుకున్న పొడి ఎత్తి ఒక ఇనుప బకెట్టు నింపినాడు. పిండి మాదిరి, మెత్తగా, చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేది. ఆ బకెట్టు ఆయన కూర్చునేచోట కుడిపక్కనే ఉండేది. "ఇదుండంగా ఏ నిప్పూ నన్నేం చేయదు" అనేవాడు, బకెట్టు అంచు మీద తట్టి.

కొన్నాళ్లకే ఆళ్లగడ్డలో అట్లాంటి గొట్టాలుండే వాళ్లందరికీ ఈయన కాయిళ్ల ఆచారి అయిపోయినాడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినోళ్లు, బెంగళూరులో డ్రైవర్లుగా ఉండేవాళ్లు, షెడ్డు ముందర బైకులు ఆపేవాళ్లు. ఊరికే చుట్టిచ్చేవాడు, కానీ ముందు సెల్లు చూపించాల. ఒకరోజు నేను అక్కడే ఉన్నా. కువైట్ మనిషి ఒకడు, మంచి చొక్కా, చేతికి గడియారం, వచ్చి గొట్టం చేతికిచ్చినాడు. బావ సెల్లు తీసి ఎండకు పెట్టి తిప్పినాడు. తొడుగు చినిగి ఉంది.

"ఇది యాడిది?"

"పాత లాప్‌టాప్‌లోది అన్నా. బాగనే పనిచేస్తాండాది. నువ్వు కాయిలు సుట్టు చాలు, పొగ బాగా దట్టంగా రావాల."

"నీకు పెండ్లాం ఉందా?"

"ఉంది."

"పిల్లలు?"

"ఒక పాప."

బావ సెల్లు తీసుకోని పోయి బకెట్టులో వేసి, పైన ఇంత పొడి కప్పినాడు. వానికి కోపమొచ్చింది. "ఏందన్నా, నా సెల్లు నువ్వు పారేసేదేంది?" అని మీదికొచ్చినాడు. మా బావ వాని గుండెకాయ ఎత్తు కూడా లేడు. అయినా జరగలేదు. "చొక్కా చినిగిన సెల్లుకు నేను కాయిలు సుట్టను. నీ మొగం కాలితే నీ పాప నిన్ను సూసి ఏడుస్తాది. పో. మంచి సెల్లు తెచ్చుకో, అప్పుడు కూర్చోబెట్టి సుట్టిస్తా" అన్నాడు. వాడు తిట్టుకుంటా పోయినాడు. నాలుగు రోజులకు కొత్త సెల్లుతో వచ్చి, పాపను కూడా తెచ్చినాడంట. బావ ఆ పాపకు చేతిలో పట్టేంత రాతి కుందేలు చెక్కిచ్చినాడని అక్క చెప్పింది.

ఆ పొద్దు మా బావను చూసి నాకు గర్వమనిపించింది. ఇంత జాగ్రత్త మనిషి యాడుంటాడు, ఈయనకేం కాదు అనుకున్నా. అక్కకూ అట్లనే చెప్పినా. పక్కనే పొడి బకెట్టు ఉంది, మేం ముగ్గురం దాని చుట్టూనే కూర్చోని టీ తాగినాం.

ఆయన పనిచేసే పద్ధతి ఒకటి చెప్పాల. శిల్పులంతా ఊదుతారు గానీ, మా బావ ఊదినట్టు ఎవురూ ఊదరు. రెండు దెబ్బలు కొట్టడం, రాయి మీదికి వంగి మూతి దగ్గరగా పెట్టి "ఫూ" అని ఊదడం, పొడి లేచిపోయి గీత కనపడితే చూసి, మళ్లీ రెండు దెబ్బలు. లేచిన పొడంతా ఎదురు మొగానికే కొట్టేది. ఆ తెల్లటి గాలి పీల్చుకోనే మళ్లీ ఊదేవాడు. మెషీను పెట్టి రాయి కోసేటప్పుడైతే షెడ్డులో మనిషికి మనిషి కనపడడు. కోత ఆపి, ఆ మబ్బులోనే వంగి ఊదేవాడు.

ఒకసారి నేను మూతికి కట్టుకునే మాస్కు తీసుకపోయి ఇచ్చినా. మంచిది, గట్టిది. కట్టుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టి వంగినాడు. ఊదినాడు. గాలి బయటికి రాలేదు. మాస్కు గడ్డం కిందికి లాగి ఊదినాడు. మళ్లీ పైకి లాక్కున్నాడు. మళ్లీ కిందికి. కాసేపటికి విప్పి నా చేతిలో పెట్టినాడు.

"దీన్ని కట్టుకోని ఊదేదెట్ల మ్మే?"

"కుంచె పెట్టి తుడుచుకో బావా. లేదా గాలి మిషను తెస్తా."

"కుంచెతో తుడిస్తే పొడి గీతలోకి దిగుతాది. మిషను గాలికి చెయ్యి అదురుతాది. మా నాయన ఊదినాడు, ఆయన నాయన ఊదినాడు. రాయికి ప్రాణం ఎట్లొస్తాది మరి, ఊదకుంటే?"

అక్క కూడా ఆయన పక్కే మాట్లాడింది. "పొగ మానినాడు గదా పాపా, ఇంకెందుకు సతాయిస్తావు? ఇదేమన్నా విషమా, రాయేగా" అనింది. రాయేగా. మాకందరికీ అది రాయే. ఇంటి గోడ రాయి, గుళ్లో దేవుడు రాయి, పప్పు రుబ్బుకునేది రాయి. రాయికి ఎవరు భయపడతారు?

తర్వాత గవర్నమెంటు ఆ గొట్టాలూ, వాటి సామాన్లూ ఏవీ అమ్మకూడదని ఆపేసింది. బావకాడ ఉండే లిక్విడ్డు అయిపోయింది. నేను భయపడినా, మళ్లీ బీడీకి పోతాడని. పోలేదు. "సుట్టడం బాగుండింది గానీ, పొగలో ఏముందిలే" అన్నాడు. అంతే, రెండూ పోయినాయి. అక్క గుడిలో టెంకాయలు కొట్టింది. నాకు స్వీటు డబ్బా పంపింది. ఆ సంతోషంలో మేం ఒకటి గమనించలేదు. దగ్గు పోలేదు.

దగ్గు పోకపోగా ఎక్కువైంది. షెడ్డునుంచి ఇంట్లోకి నాలుగడుగులు నడిస్తే నిలబడి ఆయాసపడేవాడు. మనిషి చిక్కిపోయినాడు. "పాత బీడీల పాపం, తగ్గుతాది నిదానంగా" అని తనే చెప్పుకునేవాడు. చివరికి కర్నూలు తీసుకుపోయినా. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసామె. ఎక్సరే ఫోటో వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత బావ వైపు తిరిగి, "పెద్దాయనా, నువ్వేం పని చేస్తావు?" అనింది.

అన్నేండ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. బావ ఉత్సాహంగా చెప్పినాడు. నందులు, ఆంజనేయస్వాములు, ఏ ఊరి గుళ్లో తన చెయ్యి ఉందో, ఊదడం, పొడి, అన్నీ చెప్పినాడు. ఆమె విని, నన్ను బయటికి పిలిచింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకొని గట్టిపడిపోయిందంట. బీడీ దానికి తోడు. అది వెనక్కి రాదంట, కరగదంట. ఉండేదాన్ని కాపాడుకోవడమే.

నాకు ఎవరి మీద కోపమో చెప్పలేను. ఆ నంద్యాల డాక్టరు తలెత్తి ఉంటే! మా బావ ఒక్కసారన్నా ఆ మాస్కును కిందికి లాగకుండా ఉండుంటే! పిడికిట్లో పట్టేంత సెల్లుకు అంత భయపడిన మనిషి, ఎవరి సెల్లు చినిగినా తనది కాకపోయినా కొట్లాడిన మనిషి, కుడిపక్కన ఆ పొడినే బకెట్టు నిండా పెట్టుకోని కూర్చున్నాడే! నిప్పు ఆర్పేదానికని! ఎంత మంచి జాగ్రత్త అది, ఎంత దండగ జాగ్రత్త. పేలేదాన్ని చూసినాం, పేలకుండా లోపలికి పోయేదాన్ని చూడలేదు. చూసుంటే మనిషి దక్కి ఉండేవాడు. నాకు అదే కడుపుమంట.

ఇంటికి ఆక్సిజన్ మిషను తెచ్చినాం. కరెంటు పోతే ఆగకుండా నేనే ఇన్వర్టరు బిగించినా. మిషను గడప దాటకముందే బావ మంచం కింద నుంచి ఎర్ర సబ్బుడబ్బా, ఇత్తడి గొట్టం తీసి నా చేతికిచ్చినాడు. "ఆక్సిజన్ పక్కన ఇవి ఉండగూడదు మ్మే. తీసకపో. నిప్పుకు సంబంధించింది ఏదీ ఈ ఇంట్లో ఉండగూడదు. దీపం కూడా బయటే పెట్టమని మీ అక్కకు చెప్పు" అన్నాడు, ఒక్కో మాటకు ఆగి ఆగి. అప్పుడు కూడా సెల్లు గురించే. నాకు ఏడుపొచ్చి, డబ్బా తీసుకోని వాకిట్లోకి వచ్చేసినా.

షెడ్డులో ఒక నంది మిగిలిపోయింది. బండి ఆత్మకూరు దగ్గర పల్లెవాళ్లది. అన్నీ అయిపోయినాయి. ఒక కన్ను చెక్కడం అయింది, రెండో కంటికి పైరెప్ప గీత ఒకటి మిగిలింది. వేరేవాళ్ల చేత చేయిస్తామంటే ఒప్పుకోలేదు. "ఒక కంటికి నా చెయ్యి, ఒక కంటికి ఇంకొకరి చెయ్యా? మెల్లకన్ను నంది అవుతాది" అన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం, కాస్త నెమ్మదిగా ఉందని, మొండికేసినాడు. నేనూ అక్కా చెరోపక్క పట్టుకోని షెడ్డులోకి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టినాం. ముక్కుకుండే పైపు కాసేపు తీసేసినాం.

సన్న ఉలి తీసుకున్నాడు. చెయ్యి వణకలేదు. అది చూసి నాకు ఆశ కూడా పుట్టింది. టక్, టక్. రెండే దెబ్బలు. రెప్ప గీతలో తెల్లగా పొడి నిలబడింది. వంగినాడు. మూతి ముడిచినాడు. గాలి రాలేదు. మళ్లీ ప్రయత్నం చేసినాడు. పెదాలు కదిలినాయి, ఈల మాదిరి చిన్న శబ్దం వచ్చింది, పొడి మాత్రం కదల్లేదు. ఆయన చెక్కిన గీత ఆయనకే కనపడలేదు. ఉలి ఒళ్లో పెట్టుకోని ఆ కంటినే చూస్తా కూర్చున్నాడు.

మా అక్క ఇదంతా పక్కన నిలబడి చూస్తాండాది. పెండ్లయినప్పటినుంచి ఆ షెడ్డులో ఉంది గానీ, ఒక్క రోజూ ఆయన రాయిని ముట్టుకోలేదు. ఆ పొద్దు ముందుకొచ్చింది. కుర్చీ చెయ్యి పట్టుకోని నంది మొగం మీదికి వంగింది. మూతి ముడిచి ఊపిరి పీల్చుకుంది, ఊదేదానికి.

"వద్దు!"

అన్ని నెలల్లో బావ అంత గట్టిగా మాట్లాడింది లేదు. చెయ్యి చాపి, తెల్లటి అరచెయ్యి అక్క నోటికి అడ్డం పెట్టినాడు. ఒళ్లో ఉలి కింద పడింది. కాసేపు ఎగఊపిరి తీసుకోని, "నువ్వు ఊదొద్దు. ఈ పొడి నీకొద్దు" అన్నాడు. ఎన్నేండ్లు మొత్తుకున్నా ఆయన నోట రాని మాట అది. నేను సంతోషపడాల్నో, తల బాదుకోవాల్నో నాకే తెలీలేదు. అక్కకు కూడా ఏం చేయాలో తెలీక అట్లనే వంగి ఉంది. బావ ఆమె భుజం మీది కొంగు లాగి, ముక్కు మీదుగా, నోటి మీదుగా కప్పి, కొసను తల వెనకాలకు తీసుకపోయి ముడి వేసినాడు. వేళ్లు జారిపోతాంటే మళ్లీ మళ్లీ పట్టుకోని గట్టిగా వేసినాడు.

"ఇంక ఈడ కూర్చుంటే ఇట్ల కట్టుకోనే కూర్చోవాల" అన్నాడు.

అక్క తల ఊపింది. ఆ ముడి అట్లనే ఉంచుకోని, ఆయన పాదాలకాడ నేల మీద కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసినాడు.

అప్పుడు మా అక్క ఆ కొంగు లోపల్నుంచి దగ్గింది. చిన్నగా, గొంతులో ఏదో అడ్డం పడినట్టు. తర్వాత ఇంకోసారి దగ్గింది. బావ తలెత్తి నన్ను చూసినాడు.